చోటేబాబు ‘నో’ నేర్చుకున్న కాలం

ఇంగ్లీషు మాట్లాడటం నేర్పమని నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషి నాకంటే పదేళ్లకు పైగా పెద్దవాడు. అప్పటికి నేను ఎవరితోనూ ఒక్క నిమిషమైనా ఇంగ్లీషు మాట్లాడి ఎరగను. ఈ రెండు సంగతులూ ముందే చెప్పి పెడితే మిగిలింది మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

చదవడం వచ్చు. రాయడం కూడా ఒక మాదిరిగా వచ్చు. హైదరాబాదులో ఒక తెలుగు దినపత్రికలో తంతి వార్తలను తెలుగు చేసే బల్ల దగ్గర కొన్నేళ్లు కూర్చున్నాను. అక్కడ ఇంగ్లీషు కంటిలోంచి లోపలికి వచ్చి, చేతిలోంచి తెలుగుగా బయటికి పోతుంది. నోటికి దానితో పనే ఉండదు. ఆ తరువాత పత్రికవాళ్లు నన్ను నాందేడ్‌కు విలేకరిగా పంపారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ ఊళ్లో కచేరీ మాట ఉర్దూ, బజారు మాట మరాఠీ, మా పత్రిక కొనే దుకాణాల వాళ్లకూ సరిహద్దు పల్లెల రైతులకూ ఇంటి మాట తెలుగు. వాళ్లకు పత్తి ధర కావాలి, యుద్ధం సంగతి కావాలి, తమ ఊరి పేరు అచ్చులో కనబడితే ఇంకా సంతోషం.

రాసిన వార్తలు ఒక కవరులో పెట్టి, రోజూ హైదరాబాదు వైపు పోయే పాసింజరు గార్డు చేతికి ఇవ్వాలి. అది విలేకరి పనిలో సగం. అందుచేత రోజుకొకసారి స్టేషనుకు పోక తప్పేది కాదు. స్టేషనుమాస్టరును అక్కడ అందరూ బడేబాబు అనేవారు. ఆయన కింద పనిచేసే అసిస్టెంటు చోటేబాబు. నేనూ వాళ్లను అలాగే పిలుస్తాను.

చోటేబాబుది ఉమ్రి దగ్గర పల్లె. తెలుగు ఇంట్లో పుట్టి, ఉర్దూ బడిలో చదివి, మరాఠీ కూలీల మధ్య గూడ్సు షెడ్డులో గుమాస్తాగా పెరిగాడు. అక్కడి పాత అసిస్టెంటు బదిలీ మీద పోతే తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆ తాత్కాలికం ఏళ్ల తరబడి సాగింది. ఇంతలో యుద్ధం వచ్చింది. మిలిటరీ స్పెషల్ బండ్లు పోతున్నాయి, వాటిలో వచ్చే అధికారులకు ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు. దాంతో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. తాత్కాలికంగా ఉన్న అసిస్టెంట్లందరూ, బండ్ల రాకపోకలు చూసే దొర, ట్రాఫిక్ సాహెబు ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడి చూపించాలి. కాగితం మీద రాసే పరీక్ష కాదు, ఉత్త నోటి పరీక్ష. రెండు అవకాశాలు ఇస్తారు. రెండోసారి కూడా తప్పితే పాత పనికి పోవాలి.

చోటేబాబు మొదటిసారి తప్పాడు. రెండోసారి తప్పితే గూడ్సు షెడ్డుకు పోయి, తాను చేయి పట్టుకుని పని నేర్పిన కుర్రాడి కింద బస్తాల లెక్క రాయాలి.

“తమ్మీ, నువ్వు గా అఖ్బార్ల ఇంగ్లీషు సదువుతవు గద. జెర నాకు మాట్లాడుడు నేర్పు,” అన్నాడు ఒక మధ్యాహ్నం, పాసింజరు పోయాక, ప్లాట్‌ఫారం చివర నీడలో.

“మాట్లాడటం వేరు, చదవటం వేరు అన్నా.”

“నాకు రెండూ రావు. నీకు ఒకటన్న అస్తది.”

ఒప్పుకున్నాను.

పాఠాలు రైలు లేని వేళల్లో, వాళ్ల క్వార్టరు ముందు నులక మంచం మీద జరిగేవి. మొదటిసారి సాహెబు ఏమడిగాడని ఆయనను అడగాలని నాకు తోచనే లేదు. ప్రశ్నలు ఎలాగూ పేరు, ఊరు, ఉద్యోగం, బాధ్యతలు, వాతావరణం గురించే వస్తాయనుకుని, ఒక్కొక్కదానికి జవాబు నేను తయారు చేసి ఇచ్చాను. ఆయన వల్లె వేశాడు. ఆయన పట్టుదల చూసి నాకు నా చదువు మీద గౌరవం కూడా పెరిగింది. కొన్నాళ్లకు, ఇక బయట మనిషి మీద ప్రయోగిద్దామనుకున్నాం. గార్డుల్లో ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఉండేవాడు, మంచివాడు. ఆయన బండి దిగగానే చోటేబాబు ఎదురుగా పోయి సలాం కొట్టి, నేను నేర్పిన ఇంగ్లీషులో గంభీరంగా చెప్పాడు. ఆ మాటను తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: “పాసింజరు బండి ఈ స్టేషనుకు చేరుకున్నట్టు విశ్వసనీయంగా తెలియవచ్చింది.”

గార్డు బండి వైపు చూశాడు. చోటేబాబు వైపు చూశాడు. “తెలియవచ్చిందా? నీ కళ్ల ముందే ఉంది కదయ్యా. నువ్వు చూడలేదా?”

“చోటేబాబు చూసినట్టు చెప్పబడుతున్నది,” అన్నాడు మావాడు.

గార్డు నవ్వలేదు. అదే మాకు ఇంకా కష్టంగా అనిపించింది. భుజం తట్టి, “ఎవరు నేర్పారు నీకు ఈ భాష?” అని మాత్రం అడిగాడు. చోటేబాబు నా వైపు చూపించలేదు. అంత మర్యాదస్తుడు.

మీలో పత్రికల్లో పనిచేసేవాళ్లు ఉంటే ఇది గమనించే ఉంటారు. మన వాక్యాల్లో మనిషి ఉండడు. ‘తెలియవచ్చింది’, ‘భావిస్తున్నారు’, ‘వర్గాల భోగట్టా’. తెలిసింది ఎవరికి, భావిస్తున్నది ఎవరు అంటే చెప్పం. రేపు వార్త తప్పయితే దొరికేవాడు ఉండకూడదని అలా రాసి రాసి, ఆ వాక్యమే మనకు వ్యాకరణమైపోతుంది. నాకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. అదే ఆయనకు వడ్డించాను.

గార్డు సంగతి జరిగాక పాఠాలు కొన్నాళ్లు ఆపాను. చేతగాని పని పెట్టుకున్నాననిపించింది. తరువాత నాకు వచ్చిన పని ఏమిటని ఆలోచించాను. నాకు వచ్చిన పని పదిమందిని అడగటం. మొదటిసారి పరీక్షలో తప్పినవాళ్లు ఆ లైను మీద ఇంకా ఉన్నారు కదా. వాళ్లను అడిగితే సరి. బండ్ల మీద వచ్చిపోయే వాళ్లే కాబట్టి నాందేడ్ ప్లాట్‌ఫారం మీదే ఒక్కొక్కరు దొరికారు. హిమాయత్‌నగర్ స్టేషనులో పనిచేసే ఆయన వాళ్లలో ముఖ్యుడు. ఆయన ఇంగ్లీషు నిజంగానే బాగుండేది. బడిలో ఇంగ్లీషు పద్యాలు అప్పజెప్పి బహుమానం కూడా తెచ్చుకున్నాడట. ఆయన ఎందుకు తప్పాడో ఎవరికీ అంతుపట్టలేదు.

“సాబ్ ఏం అడిగిండన్నా?” అన్నాను.

“పేరడిగిండు, చెప్పిన. డ్యూటీ అడిగిండు, చెప్పిన. ఎండల ముచ్చట తీసిండు, అదీ చెప్పిన. సాబ్ ఖుష్ అయ్యిండనుకున్న.”

“ఆఖరుకు ఏమడిగిండు?”

“ఆఖరుకా? ఏందో ఒక కత చెప్పిండు. ‘నేను మిలిటరీ బండ్ల అస్తున్న, తొందరున్నది. ముందటి స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రాలె. నేను నీ అఫ్సర్‌ను, బండి ఇడువుమని హుకుం చేస్తున్న, ఏమంటవ్’ అన్నడు.”

చదివేవాళ్లలో రైల్వే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఒకే పట్టాల మీద రెండు వైపులా బండ్లు నడిచే చోట, ముందు స్టేషనువాడు దారి ఖాళీగా ఉందని తంతి కొడితేనే ఇక్కడివాడు డ్రైవరుకు చీటీ రాసి ఇస్తాడు. దాన్ని లైన్ క్లియర్ అంటారు. అది లేకుండా బండి వదిలితే ఎదురుగా వచ్చే బండికి గుద్దుకుంటుంది.

“నువ్వేమన్నవ్ మరి?”

“ఎస్ సర్ అన్న.”

“లైన్ క్లియర్ లేకుండ బండి ఇడుస్తవా అన్నా?”

ఆయనకు కోపం వచ్చింది. “ఏం మాట్లాడుతున్నవ్? సచ్చినా ఇడువ. నెత్తి మీద తుపాకి పెట్టినా ఇడువ.”

“మరి ఎస్ సర్ అన్నవ్ గద.”

“అఫ్సర్ ముంగట ఇంకేమంటరు? ఎస్ సర్ అంట. బయటికస్త. బండి ఇడువకుండ ఊకుంట. లైన్ క్లియర్ అచ్చినంక ఇడుస్త. గింత తెల్వదా నీకు?”

మిగిలినవాళ్లను కూడా అడిగాను. అందరిదీ అదే జవాబు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ హైదరాబాదు రాజ్యంలో, కచేరీల్లో పెరిగిన మనిషికి అది మర్యాద. హాకిం, అంటే పై అధికారి, ఏమన్నా ముందు సరేనని ‘హౌ సాబ్’ అనాలి, తరువాత చేయవలసింది చేయాలి, చేయకూడనిది నెమ్మదిగా చేయకుండా ఉండిపోవాలి. హాకింకూ అది తెలుసు. రెండు పక్కలా తెలిసిన ఆటే కాబట్టి పనులు జరిగిపోయేవి. సముద్రం అవతలి నుంచి వచ్చిన సాహెబుకు మాత్రం ఆ ఆట తెలియదు. ‘ఎస్ సర్’ అంటే బండి వదిలేస్తాడు, మనుషుల్ని చంపుతాడు అని రాసుకుని తప్పించేశాడు. వీళ్లేమో ఇంగ్లీషు చాలలేదు కాబోలునని ఇంకా పద్యాలు బట్టీ పడుతున్నారు.

చోటేబాబును అడిగితే ఆయన కూడా నిస్సంకోచంగా, “నేను సుత గదే అన్న,” అన్నాడు.

మరునాటి నుంచి మా పాఠం ఒకటే మాట. నో సర్.

ఇది తేలికని మీరు అనుకుంటే పొరపాటు. ఆయన నోరు ‘న’ దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. నేను సాహెబులా కుర్చీలో కూర్చుని “బండి వదులు” అని ఇంగ్లీషులో అరిచేవాణ్ని. ఆయన చేతులు కట్టుకుని, తల వంచి, “నో సర్” అని గొణిగి, వెంటనే “మాఫ్ కరో సాబ్” అని చేర్చేవాడు. మాఫీ తీసేస్తే నో కూడా దానితోపాటు పోయేది.

బడేబాబుకు ఈ సంగతి తెలిసింది. ఆయన హైదరాబాదు పాతబస్తీ మనిషి, షేర్వానీ గుండీ ఒక్కటి కూడా విప్పని మనిషి. నన్ను తన గదిలోకి పిలిచి కుర్చీ వేయించి, టీ తెప్పించి, చాలా మర్యాదగా తిట్టాడు.

“అఖ్బార్ సాబ్, ఆప్ ఉసె అంగ్రేజీ సిఖారఁ యా బద్‌తమీజీ?” నేర్పుతున్నది ఇంగ్లీషా, మర్యాద లేకపోవడమా అని.

“ఇంగ్లీషులో అది బద్‌తమీజీ కాదటండి.”

“జబాన్ కోయీ బీ హో. అఫ్సర్‌కు మూపే నై బోల్నా, యే మైఁ అప్నీ నౌక్రీ మే నై సునా.” ఏ భాషలోనైనా, అధికారి ముఖం మీద కాదనడం తన ఉద్యోగంలో వినలేదన్నాడు. అని, “ఆయనను పాడు చెయ్యకండి, ఉన్న పేరు కూడా పోతుంది,” అని ఆయనకొచ్చిన కొద్ది తెలుగులో బతిమాలాడు. ఆయన భయం నిజమైనదే. సాహెబుకు కోపం వస్తే గూడ్సు షెడ్డు కూడా దక్కదు.

ఈ చిక్కులోంచి మమ్మల్ని కొంత దూరం లాగింది చోటేబాబు భార్య. నేను వదినె అని పిలిచేవాణ్ని. ఆమె పుట్టిల్లు ఇస్లాపూర్. వాకిట్లో జొన్నలు చెరుగుతూ మా పాఠాలు వింటూ ఉండేది. ఒకరోజు చాట పక్కన పెట్టి లేచింది.

“తమ్మీ, జెర లే. నేను కూసుంట సాబ్ లెక్క.”

నేను లేచాను. ఆమె కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది. భర్తను పైనుంచి కిందికి చూసింది.

“ఎల్లుండి ఇస్లాపూర్ పోదాం. లీవు పెట్టు,” అంది తెలుగులోనే.

“సూద్దాం,” అన్నాడు చోటేబాబు అలవాటుగా.

“ఇన్నవా తమ్మీ? గిదే. పెండ్లయిన కాడి నుంచి గీ ‘సూద్దాం’ తోనే సంసారం చేసిన. ప్రతి ఎండకాలం సూద్దాం అంటడు. నేను పెట్టె సదురుకుంట. పిల్లలకు మంచి అంగీలు తొడుగుత. బండి అస్తది, పోతది. మీ అన్న లైన్ మీదనే ఉంటడు. నేను పెట్టె మల్ల ఇప్పుత.”

“లీవు దొరకదు గద,” అన్నాడు ఆయన మెల్లిగా.

“దొరకదని నాకు ఎర్కలేదా? దొరకదు, అద్దు అని ఒక్క మాట అంటె అయిపోతుండె. నేను పెట్టె కట్టకపోదును. పిల్లలు ఏడువకపోదురు. నీకు మంచోనివి అనిపించుకునుడు గావాలె. గా మంచితనం మోసేది నేను.”

ఆమె మళ్లీ చాట తీసుకోలేదు. కుర్చీలోంచి కదలలేదు.

“మల్ల అడుగుతున్న. ఎల్లుండి పోదామా?”

చోటేబాబు నేల వైపు చూశాడు. తరువాత తల ఎత్తి ఆమె ముఖం వైపు చూశాడు. “నో,” అన్నాడు. మాఫీ లేదు, సర్ లేదు.

“గిప్పుడు మంచిగున్నది,” అని ఆమె లేచి జొన్నల దగ్గరికి పోయింది. ఆమెకు కోపం వచ్చిందో సంతోషం కలిగిందో నాకు తెలియలేదు. ఆ సాయంత్రం ఆయన ఆమెతో ఇంకో మాట అన్నాడట, వానలు పడ్డాక తప్పక పోదామని. పరీక్ష ఎటైనా కానీ పోదామన్నాడట. అది సూద్దాం కాదని ఆమె నాతో అంది.

పరీక్ష రోజు వచ్చింది. సాహెబు సెలూను అనే, పడకా బల్లా ఉన్న తన సొంత రైలు పెట్టెలోనే తిరిగేవాడు. ఆ పెట్టెను పక్క పట్టాల మీద, సైడింగులో నిలిపారు. మెట్ల దగ్గర చప్రాసీ, తలుపు దగ్గర బడేబాబు. పరీక్షకు వచ్చింది ఆ రోజు చోటేబాబు ఒక్కడే. ఆ ఉదయం డ్యూటీ కూడా ఆయనదే. ప్లాట్‌ఫారం మీద పూర్ణా స్టేషను వైపు పోవలసిన బండి నిలబడి ఉంది. సాహెబు పని అయిపోగానే సెలూనును దానికి తగిలించి తీసుకుపోవాలి. నేను కవరు పట్టుకుని టీ బల్ల దగ్గర నిలబడ్డాను. నా బండి ఇంకా చాలాసేపటికి గాని రాదు, అయినా నిలబడ్డాను.

లోపల జరిగింది తరువాత బడేబాబూ చోటేబాబూ విడివిడిగా చెప్పారు. ఇద్దరి మాటా కలిసిన చోటు వరకే రాస్తున్నాను.

సాహెబు పేరు అడిగాడు, పని అడిగాడు. గోదావరి గురించి అడిగాడు, వానల గురించి అడిగాడు. చోటేబాబు తడబడ్డాడు. ఒకచోట ‘తెలియవచ్చింది’ కూడా దొర్లిందట. మేము ఎదురుచూసిన మిలిటరీ బండి ప్రశ్న రానే లేదు. సాహెబు కాగితాలు మూసి, ఇక పోవచ్చన్నాడు. అంతటితో అయిపోయింది. అన్నాళ్లు నేర్చుకున్న ఒక్క మాట చెప్పే వీలే దొరకలేదు. చోటేబాబు సలాం చేసి వెనక్కి తిరిగాడు.

అప్పుడు సాహెబు గడియారం చూసుకున్నాడు. పూర్ణాలో తనకు ఇంకో పని ఉందని, సెలూను తగిలించి బండిని వెంటనే వదలమని చోటేబాబుకు చెప్పాడు.

ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ రాలేదు. అక్కడి నుంచి ఒక గూడ్సు బయలుదేరి ఇటే వస్తోంది. ఆ సంగతి చోటేబాబుకు తెలుసు, బడేబాబుకు తెలుసు. బడేబాబు ‘ఎస్ సర్’ అనడానికి నోరు తెరిచాడు. మర్యాదగా అని, బయటికి వచ్చి, గూడ్సు వచ్చేదాకా ఏదో ఒక పని కల్పించి బండిని ఆపుదామని.

“నో సర్,” అన్నాడు చోటేబాబు.

సాహెబు తల ఎత్తాడు. ఎందుకని అడిగాడు.

ఎందుకు అనే దాకా మా పాఠం పోలేదు. గూడ్సు, ఎదురు లైను, తంతి, ఆ మాటలన్నీ ఆయనకు ఇంగ్లీషులో రోజూ వాడేవే, కానీ ఆ క్షణంలో ఒక్కటీ నోటికి రాలేదట. నిలబడ్డాడు. చివరికి దొరికిన మాటలు కూడగట్టి ఇలా అన్నాడు:

“యూ గో, సర్. ఐ స్టే హియర్.”

మీరు వెళ్లిపోతారు, నేను ఇక్కడ ఉంటాను. అంతే. జరగరానిది జరిగితే అడిగేది నన్ను, చూసేది నేను, ఈ ప్లాట్‌ఫారం మీద రేపు కూడా నిలబడవలసింది నేను. అదంతా ఆ కాసిన్ని మాటల్లో ఉందని ఆయన అనుకోలేదు. ఇంకేమీ రాక అలా అన్నానన్నాడు.

బడేబాబు కళ్లు మూసుకున్నాడట. తెరిచేసరికి సాహెబు కుర్చీలో వెనక్కి వాలి పుస్తకం తీసుకున్నాడు. గూడ్సు వచ్చింది, లైన్ క్లియర్ వచ్చింది, సెలూను తగిలించారు, బండి పోయింది. కిటికీలోంచి సాహెబు చోటేబాబు వైపు చూశాడా అని నన్ను చాలామంది అడిగారు. చూడలేదు. నేను అక్కడే ఉన్నాను.

బండి తోక కనబడకుండా పోయాక బడేబాబు షేర్వానీ మెడ గుండీ విప్పాడు. నేను ఆయనను అలా చూడటం అదే మొదలు, అదే ఆఖరు. “తహజీబ్ గయీ మియాఁ,” అన్నాడు చోటేబాబుతో. కొంచెం ఆగి, “మగర్ గాడీ బచ్ గయీ,” అన్నాడు. మర్యాద పోయింది, బండి మాత్రం దక్కింది.

కొన్ని వారాల తరువాత ఉత్తర్వు వచ్చింది. చోటేబాబును ఆ పనిలో ఖాయం చేసి ఉమ్రికి వేశారు. ఆ ఉదయం సాహెబు నిజంగా తొందరలో ఉండి అన్నాడా, లేక అదే అసలు పరీక్షా అని మేము ఎన్నోసార్లు వాదించుకున్నాం. గూడ్సు వస్తున్న సంగతి సాహెబుకు ముందే తెలుసని బడేబాబు అనేవాడు. తెలియదని చోటేబాబు అనేవాడు. నాకు తెలియదు. తెలియవచ్చింది అని కూడా రాయను.

ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆ పాఠం నాదాకా రావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఉమ్రిలో పత్తి గింజలు తీసే మిల్లు ఒకటి అంటుకుంది. పొద్దున్నే వెళ్లాను. పొగ, నీళ్ల కుండలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు, అరుపులు. కావలివాడు లోపల చిక్కుకుని పోయాడని ఒకరన్నారు. ఇంకొకరు కూడా అన్నారు. ఇంకో పత్రిక విలేకరి కూడా అక్కడే ఉన్నాడు. అతను నాకంటే ముందు రాసుకుని స్టేషను వైపు పోవడం చూశాను. నేనూ నడుస్తూ నడుస్తూ రాసి ప్లాట్‌ఫారం చేరేసరికి బండి కదలబోతోంది. ఆఖరి పేరా మిగిలింది. చోటేబాబు పచ్చజెండా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“అన్నా, రెండు నిమిషాలు. ఒక్క పేరా.”

“నో,” అన్నాడు.

ఇంగ్లీషులోనే అన్నాడు. ఎక్కడా తడబడలేదు. నేను నేర్పినప్పుడు ఎన్నడూ అంత బాగా అనలేదు.

“ఏందన్నా, నేను గద.”

“ముందటి స్టేషన్ల ఎదురుబండి నిలబడ్డది తమ్మీ. గీ బండి పోతెనే గది కదులుతది.” జెండా ఊపాడు. బండి పోయింది. అవతలి విలేకరి కవరు దానిలో పోయింది. నా కవరు నా చేతిలో ఉండిపోయింది.

నా ముఖం చూసి ఆయన టీ చెప్పాడు. “ఇగ నిమ్మలంగ రాసుకో. మాపటి బండి దాక నీకు టైమే టైము.”

కోపంతో టీ కూడా తాగకుండా మళ్లీ మిల్లు వైపు నడిచాను. పని లేక నడిచాను, ఇంకో కారణం లేదు. గేటు బయట గోడ నీడలో ఒక ముసలాయన చేతికి నూనె గుడ్డ చుట్టించుకుని కూర్చున్నాడు. ఎవరో బీడీ వెలిగించి నోట్లో పెడుతున్నారు. ఎవరని అడిగాను. కావలివాడు. మంట కనబడగానే వెనక గోడ దూకి, కాలువలో పడి, తడిసిన బట్టలతో ఇంటికి పోయి ఇప్పుడే వచ్చాడట. “సచ్చిపోయిన్నని ఎవలో అంటున్నరు, నిజమేనా సారూ?” అని నన్నే అడిగాడు.

జేబులో నా కవరు ఉంది. అందులో అతను మరణించినట్టు తెలియవచ్చింది.

సాయంత్రం బండికి వేరే వార్త పంపాను. కావలివాడు క్షేమంగా ఉన్నాడు, నేను చూశాను, నాతో మాట్లాడాడు అని రాశాను. మరునాడు అవతలి పత్రికలో అతని మరణవార్త వచ్చింది. ఆ మరునాడు మాది వచ్చింది. హైదరాబాదులో బల్ల దగ్గర నా పాత స్నేహితులు అలవాటు ప్రకారం నా మాట కొట్టేసి, ‘కావలివాడిని మా విలేకరి స్వయంగా చూచి మాట్లాడినట్టు తెలియజేస్తున్నాడు’ అని దిద్దారు.

ఆ పత్రిక పట్టుకుని ఉమ్రి పోతే చోటేబాబు ప్లాట్‌ఫారం మీద నిలబడే మొత్తం చదివాడు. చదివి, వేలు ఒక చోట పెట్టాడు.

“గీ ‘మా విలేకరి’ ఎవలు తమ్మీ?”

“నేనే అన్నా.”

“మరి గట్లనే రాయరాదా?” అని పత్రిక మడిచి నాకిచ్చి, వస్తున్న బండికి ఎదురుగా పోయాడు.